అలజడి సముద్రంలో చిన్న హోవర్‌క్రాఫ్ట్ నడపడం

హోవర్‌క్రాఫ్ట్ తన అడుగున ఒత్తిడితో నింపుకున్న గాలిదిండు మీద తేలుతూ, నేలనూ నీటినీ దాదాపు తాకకుండా సాగే వాహనం. ఒకరి నుంచి అయిదారుగురి వరకు ఎక్కగలిగే, సుమారు 3 నుంచి 8 మీటర్ల పొడవుండే రకాలను ఈ వ్యాసంలో చిన్న హోవర్‌క్రాఫ్ట్‌లుగా లెక్కిస్తున్నాం. సరస్సు మీద, బురద మేటల మీద, ఇసుక తిన్నెల మీద వీటిని నడపడం కొద్దిపాటి శిక్షణతో పట్టుబడుతుంది. గాలీ అలలూ ఉన్న తీర సముద్రం సంగతి వేరు. అక్కడ పైలట్‌కు దొరికేది రెండు వేగాల మధ్య ఉన్న ఇరుకైన జాగా. కింది హద్దు కన్నా నెమ్మదిస్తే వాహనం నీటిలో కూరుకుపోయి మామూలు పడవ కన్నా అధ్వానంగా మారుతుంది. పై హద్దు దాటితే ముక్కు నీటిలో దిగబడి బోల్తా పడవచ్చు. సముద్రం రేగేకొద్దీ కింది హద్దు పైకీ, పై హద్దు కిందికీ జరుగుతాయి. నడిపే నైపుణ్యమంతా ఈ జాగా ఇప్పుడు ఎంత ఉందో ముందే పసిగట్టడంలో ఉంది.

స్కర్ట్ రాక ముందు, వచ్చాక

హోవర్‌క్రాఫ్ట్‌ను నేటి రూపానికి తెచ్చినవాడు బ్రిటిష్ ఇంజనీరు క్రిస్టఫర్ కాకరెల్. ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు రేకు డబ్బాల మధ్య సందులోంచి గాలి ఊది, అది తూకపు యంత్రం మీద ఎంత బలం చూపుతుందో కొలిచిన ఆయన ప్రయోగం 1955 నాటిది. ఆ ఊహ ఆధారంగా సాండర్స్-రో సంస్థ వైట్ దీవిలోని కౌస్‌లో ఎస్ఆర్.ఎన్1ను నిర్మించింది. 1959 జూలై 25న అది ఫ్రాన్స్‌లోని కలే నుంచి ఇంగ్లండ్‌లోని డోవర్‌కు ఇంగ్లిష్ చానల్ దాటింది. ఆ ప్రయాణంలో కాకరెల్ కూడా ఎక్కారు. వాహనం సమతూకం కోసం అటూ ఇటూ కదిలే బరువుగా పనికొచ్చారు. బరువు ఎక్కడుందన్నది హోవర్‌క్రాఫ్ట్‌కు ఎంత ముఖ్యమో ఆ తొలి ప్రయాణంలోనే కనిపించింది.

మొదట్లో ఎస్ఆర్.ఎన్1కు స్కర్ట్ లేదు. అది నీటికి చాలా దగ్గరగా తేలేది కాబట్టి ఓ మోస్తరు అలలే దానికి గండం. ఇంజనీరు లాటిమర్-నీధమ్ ప్రతిపాదించిన మెత్తని స్కర్ట్ ఈ పరిస్థితిని మార్చింది. వాహనం అంచు చుట్టూ వేలాడే ఈ రబ్బరు పూత బట్ట గాలిని పట్టి ఉంచుతుంది, అల తగిలినప్పుడు వంగి దారి ఇస్తుంది. సుమారు 1.2 మీటర్ల స్కర్ట్ అమర్చాక అదే వాహనం రెండు మీటర్లకు చేరువైన అలలను దాటగలిగింది. తర్వాత డెనిస్ బ్లిస్ రూపొందించిన ఫింగర్ స్కర్ట్ వచ్చింది. ఇందులో బట్ట ఒకే ముక్కగా ఉండదు. పక్కపక్కనే వేలాడే విడి ఫింగర్లుగా ఉంటుంది. ఒకటి చిరిగితే ఇరుపక్కలవి ఉబ్బి ఖాళీని చాలావరకు కప్పుతాయి. నేటి చిన్న హోవర్‌క్రాఫ్ట్‌లలో ఎక్కువ వాటికి ఫింగర్ స్కర్ట్‌గానీ, గుండ్రని సంచిలా ఉబ్బే బ్యాగ్ స్కర్ట్‌గానీ ఉంటుంది.

స్కర్ట్ పొడవు పెంచుకుంటూ పోతే ఎంత పెద్ద అలనైనా దాటవచ్చు కదా అనిపిస్తుంది. అలా కుదరదు. తేలే ఎత్తు పెరిగేకొద్దీ వాహనం పక్కలకు ఒరిగే గుణం పెరుగుతుంది. గాలిదిండు వెడల్పులో సుమారు ఎనిమిదో వంతుకు మించి ఎత్తు ఉండకూడదన్నది చిన్న వాహనాలు కట్టేవారు పాటించే లెక్క. 2 మీటర్ల వెడల్పుంటే ఎత్తు 25 సెంటీమీటర్లు. చిన్న హోవర్‌క్రాఫ్ట్ సముద్ర సామర్థ్యం అసలు ఈ లెక్క దగ్గరే ఆగిపోతుంది. ఇంజను ఎంత బలమైనదైనా ఈ పరిమితిని మార్చలేదు.

నీటిలో గుంట, హంప్

500 కిలోల మొత్తం బరువుతో, 8 చదరపు మీటర్ల గాలిదిండుతో ఉన్న వాహనాన్ని ఉదాహరణగా తీసుకుందాం. చదరపు మీటరుకు పడే బరువు 62 కిలోల చిల్లర. ఈ ఒత్తిడికి వాహనం కింద నీటి మట్టం సుమారు 6 సెంటీమీటర్లు దిగుతుంది. వాహనం నిలిచి ఉన్నప్పుడు ఆ గుంట కూడా నిలకడగా ఉంటుంది. కదలడం మొదలుపెట్టగానే గుంట వెంట వస్తుంది, దాని ముందు ఒక అల లేస్తుంది. వాహనం తాను పుట్టించిన అలనే ఎక్కుతున్నట్టు ముక్కు పైకెత్తుకుని ఈడుస్తుంది, తుంపర విపరీతంగా లేస్తుంది. ఒక వేగం దగ్గర ఈ ఈడ్పు గరిష్ఠానికి చేరుతుంది. దాన్నే హంప్ అంటారు. 5 మీటర్ల పొడవున్న ఈ వాహనానికి లోతైన నీటిలో ఇది గంటకు సుమారు 14 కిలోమీటర్ల దగ్గర వస్తుంది. దాన్ని దాటగానే గుంట వెనకబడుతుంది, ముక్కు దిగుతుంది, తుంపర తగ్గుతుంది, అదే శక్తితో వేగం ఒక్కసారిగా పెరుగుతుంది.

ప్రశాంత జలంలో హంప్ దాటడానికి కొన్ని క్షణాలు చాలు. ఎదురుగాలిలో, ఎదురు అలల్లో అదే హంప్ దాటరానిదిగా మారవచ్చు, ఎందుకంటే ప్రొపెల్లర్ తోపులో మిగులు ఉండదు. లోతు తక్కువైన చోట ఇబ్బంది ఇంకా ఎక్కువ. నీటి అల వేగం లోతును బట్టి తగ్గుతుంది. మన ఉదాహరణ వాహనం హంప్ వేగం, మీటరున్నర లోతులో అల గరిష్ఠ వేగానికి దాదాపు సమానం. అలాంటి చోట ఈడ్పు బాగా పెరుగుతుంది. లోతైన నీటికో, నీరు లేని మేటకో వెళ్లి అక్కడ వేగం పుంజుకోవాలి.

ఎదురుగాలిలో హంప్ దాటలేకపోతే థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టుకుని కూర్చోవడం వల్ల ఇంజను వేడెక్కడం, తుంపర లోపలికి లాగడం తప్ప ఫలితం ఉండదు. గాలివాలుకు తిరగాలి, హంప్ దాటాలి, ఆ తర్వాత విశాలంగా వంపు తీసుకుంటూ కావలసిన దిక్కుకు మళ్లాలి. ఇందుకు చుట్టూ చాలా జాగా కావాలి. జెట్టీలు, రాళ్లు, లంగరేసిన పడవలు గాలివాలులో ఉన్నచోట నీటిపై ఆగకూడదని పైలట్లకు మొదటే నేర్పడానికి కారణం ఇదే.

అల ఎత్తు ఒక్కటే చాలదు

వాతావరణ సూచనలో 'అలల ఎత్తు 1 మీటరు' అని ఉంటే చిన్న హోవర్‌క్రాఫ్ట్ పైలట్‌కు దాని వల్ల తెలిసేది తక్కువ. దూర సముద్రం నుంచి 8 సెకన్ల వ్యవధితో వచ్చే కెరటం పొడవు సుమారు 100 మీటర్లు. దాని ఎత్తు ఒక మీటరైనా వాలు సుమారు 3 శాతమే. 5 మీటర్ల వాహనం దాన్ని ఎక్కి దిగుతుంది, గాలిదిండు చెదరదు. స్థానిక గాలి పుట్టించే 5 మీటర్ల పొడవైన పొట్టి అల ఎత్తు 40 సెంటీమీటర్లే అనుకోండి. దాని వాలు 25 శాతం, పైగా పొడవు వాహనంతో సమానం. శిఖరం గాలిదిండు మధ్యకు వచ్చేసరికి ముందూ వెనకా గుంటలే. స్కర్ట్ అంచుల నుంచి గాలి తప్పించుకుంటుంది, వాహనం కుదేలవుతుంది, మరుక్షణం తర్వాతి అల ముక్కును కొడుతుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో ఎదురెళితే ఇలాంటి అలలు సెకనుకు రెండున్నర చొప్పున తగులుతాయి. మనిషి వెన్నుకూ వాహనం కీళ్లకూ అది భరించలేని దెబ్బ.

అందుచేత నిజంగా చూడవలసినవి గాలి బలం, గాలికీ ప్రవాహానికీ ఉన్న పొందిక. తెల్లని నురుగు తలలు అక్కడక్కడ మొదలైతే గాలి 7 నుంచి 10 నాట్లు ఉందన్నమాట. ఎక్కడ చూసినా నురుగు తలలే కనిపిస్తే 11 నుంచి 16 నాట్లు. చాలా చిన్న వాహనాలకు, ముఖ్యంగా 25 సెంటీమీటర్ల లోపు తేలేవాటికి, తెరిచిన సముద్రంలో ఈ రెండో స్థితే ఆగవలసిన గీత. గాలికి ఎదురుగా పోటు ప్రవాహం నడిచేచోట ఇదే గాలి అలలను ఇంకా నిట్రంగా, దగ్గరదగ్గరగా లేపుతుంది. వెళ్లేటప్పుడు నునుపుగా ఉన్న మొగ, పోటు తిరిగాక తిరుగు ప్రయాణానికి మూసుకుపోతుంది. ఆటుపోటుల పట్టిక చూడకుండా బయలుదేరిన ప్రయాణానికి తిరుగుదారి గురించి ఏ హామీ లేదు.

గాలి పట్టు, నీటి పట్టు లేకపోవడం

పడవకు అడుగు నీటిలో ఉంటుంది, అది పక్కకు జరగకుండా ఆపుతుంది. హోవర్‌క్రాఫ్ట్‌కు ఆ ఆధారం లేదు. చుక్కానులు ప్రొపెల్లర్ గాలి ప్రవాహంలో ఉంటాయి. అవి ముక్కును తిప్పుతాయి కానీ వాహనం పాత దిక్కులోనే చాలాసేపు జారుతుంది. పక్కగాలిలో నేరుగా వెళ్లాలంటే ముక్కును గాలి వైపు కొంత తిప్పి, ఎండ్రకాయలా ఏటవాలుగా సాగాలి. ఒడ్డున రెండు గుర్తులను ఒకే వరసలో పెట్టుకుని చూస్తే జారుడు ఎంతో తెలుస్తుంది.

మలుపులు ఈ కారణంగానే ప్రమాదకరం. ముక్కు తిరిగినా జారుడు ఆగకపోతే వాహనం పక్కవాటుగా దూసుకుపోతుంది. వెడల్పు పొడవు కన్నా తక్కువ కాబట్టి పక్కకు ఒరగకుండా ఆపే బలమూ తక్కువే. జారే వైపు స్కర్ట్ ఒక అలను తాకి లోపలికి మడుచుకుంటే ఆ అంచు నీటిలో దిగబడుతుంది, వెనక నుంచి వస్తున్న వేగమంతా వాహనాన్ని ఆ అంచు మీదుగా తిప్పేయడానికి పనిచేస్తుంది. గాలివాలు నుంచి ఎదురుగాలికి తిరిగే మలుపు అన్నిటికన్నా గడ్డుది, ఎందుకంటే వేగం ఎక్కువగా ఉండగానే పక్కవాటు దశ వస్తుంది. మలుపుకు ముందే వేగాన్ని హంప్‌కు కాస్త పైకి తగ్గించుకోవాలి, వంపు పెద్దదిగా తీసుకోవాలి, ఒంటి బరువును మలుపు లోపలి వైపుకు వంచాలి. మలుపు మధ్యలో తప్పు తెలిస్తే దిద్దుకునే వ్యవధి ఉండదు.

1972 మార్చి 4న ఇంగ్లండ్ దక్షిణ తీరంలో సౌత్‌సీ దగ్గర ఎస్ఆర్.ఎన్6 రకం ప్రయాణికుల హోవర్‌క్రాఫ్ట్ బలమైన గాలిలో బోల్తా పడి 5 మంది చనిపోయారు. 38 మంది ప్రయాణికులను తీసుకెళ్లగల వాహనమది, మనం మాట్లాడుకుంటున్న వాటికన్నా ఎంతో పెద్దది. అంత వాహనమే ఒడ్డు కనిపించే దూరంలో తిరగబడిందంటే, అయిదు మీటర్ల వాహనంలో వెళ్లేవారు పక్కవాటు గాలిని, అలను ఎంత తీవ్రంగా పట్టించుకోవాలో వేరే చెప్పనక్కర్లేదు.

ఏ దిక్కున ఎలా

ఎదురు అలల్లో వేగం హంప్‌కు పైన, దానికి దగ్గరలో ఉండాలి. అలను సూటిగా కాక కొంత కోణంలో తీసుకుంటే ముక్కు ఎగిరిపడటం తగ్గుతుంది. కోణం పెరిగితే పక్కకు ఊగడం ఎక్కువవుతుంది కాబట్టి పైలట్ రెంటి మధ్య మార్గం వెతుక్కుంటూ అటోసారి ఇటోసారి మళ్లుతూ సాగుతారు. శిఖరం మీద నుంచి ఎగిరితే గాలిదిండు ఖాళీ అవుతుంది, దిగేటప్పుడు మెత్తదనం ఉండదు. అందుకే శిఖరానికి ముందు థ్రాటిల్ కాస్త సడలించి, దిగేటప్పుడు తిరిగి అందుకోవడం అలవాటు చేసుకుంటారు.

గాలివాలు ప్రయాణం హాయిగా అనిపిస్తుంది, తుంపర వెనకబడుతుంది, చప్పుడు తగ్గినట్టుంటుంది. నా దృష్టిలో ప్రమాదమంతా ఆ హాయిలోనే ఉంది. గాలి వెనక నుంచి తోస్తున్నందువల్ల వాహనం నీటి మీద ఎంత వేగంగా పోతోందో ఒంటికి తెలియదు. 5 మీటర్ల పొడవైన అలల వేగం సెకనుకు 2.8 మీటర్లే, హంప్ వేగం దాదాపు 4. అంటే వాహనం అలలను ఎప్పుడూ దాటిపోతూనే ఉంటుంది, ఒక అల ముఖం మీదుగా కిందికి జారి ముందున్న అల వీపును గుద్దుకునే సందర్భాలు పదేపదే వస్తాయి. పొడవైన కెరటం విషయంలో ఇందుకు భిన్నం. 8 సెకన్ల కెరటం గంటకు 45 కిలోమీటర్ల వేగంతో సాగుతుంది, దాని వీపు మీద నిలిచి కొంతదూరం వెళ్లడం సాధ్యమే. రెండు రకాల అలలూ కలిసి ఉన్నప్పుడు గాలికి వాలుగా, నేరుగా కాక ఓరగా, తగ్గించిన వేగంతో వెళ్లడం మేలు.

వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు గాలివాలు ఉండేలా దారి వేసుకోమంటారు. ఇంధనం, అలసట లెక్కలో అది సరైన సలహా. తిరుగు ప్రయాణం తేలికని మాత్రం దాని అర్థం కాదు.

ప్లౌ ఇన్

ముక్కు స్కర్ట్ నీటిని తాకి లోపలికి మడుచుకోవడంతో ప్లౌ ఇన్ మొదలవుతుంది. తాకిడితో ఈడ్పు పెరుగుతుంది, ముక్కు ఇంకా దిగుతుంది, ముందువైపు గాలిదిండు ఒత్తిడి కోల్పోతుంది, దాంతో ఇంకా దిగుతుంది. కొన్ని క్షణాల్లో వాహనం బలంగా ఆగిపోతుంది, లోపలివారు ముందుకు తూలిపడతారు. ముక్కు ఒక పక్కకు తిరిగితే మిగిలిన వేగం పక్కవాటు జారుడుగా మారి బోల్తాకు దారి తీస్తుంది. 1960ల మధ్యలో తొలి తరం వాహనాలు కొన్ని బోల్తా పడ్డాక దీనిపై పరిశోధన విస్తరించింది, ముక్కు స్కర్ట్ ఆకృతి మారింది.

ముందస్తు కారణం చాలాసార్లు బరువే. 80 కిలోల మనిషి 30 సెంటీమీటర్లు ముందుకు జరిగితే మన 500 కిలోల వాహనం గరిమనాభి దాదాపు 5 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. అది పొడవులో ఒక శాతమే, అయినా వాహనం ప్రవర్తనలో స్పష్టంగా తెలుస్తుంది. ఇంధనం ఖాళీ అయ్యేకొద్దీ, అడుగున నీరు చేరేకొద్దీ కూడా సమతూకం మారుతుంది. అలల్లోకి వెళ్లేముందు ముక్కు కొంచెం ఎత్తుగా ఉండేలా సామాను సర్దుకోవాలి, తాడుతో కట్టాలి.

ప్లౌ ఇన్ మొదలవుతున్న సూచనలు, ముక్కు కింద కొత్త తుంపర, లాగినట్టుండే కుదుపు, కనబడగానే తోపు తగ్గించాలి, గాలిదిండు నింపే ఫ్యాన్‌ను మాత్రం నడవనివ్వాలి, ముక్కును ఎత్తి దించే అడ్డ రెక్క (ఎలివేటర్) ఉంటే దానితో ముక్కు ఎత్తాలి, బరువు వెనక్కు వేయాలి, చుక్కాని తిప్పకూడదు. తోపుకూ గాలిదిండుకూ వేర్వేరు ఇంజన్లున్న వాహనంలో ఇది వీలవుతుంది. ఒకే ఇంజను తోపునూ గాలిదిండునూ నడిపే రకంలో థ్రాటిల్ ఒక్కసారిగా వదిలేస్తే గాలిదిండూ పోతుంది, వాహనం వేగం మీదే నీటిపై కూలబడుతుంది. అలాంటి వాహనంలో థ్రాటిల్‌ను మెల్లగా తగ్గించడమే గతి. నేల మీద ఆగడానికి పనికొచ్చే అలవాటు నీటి మీద ప్రాణాంతకం కావచ్చు కనుక సముద్ర శిక్షణ ప్రత్యేకంగా తీసుకోవాలి.

విరిగే కెరటాలు దాటడం

ఒడ్డు దగ్గర కెరటాలు విరిగే పట్టీయే చిన్న హోవర్‌క్రాఫ్ట్‌కు అత్యంత కష్టమైన వంద మీటర్లు. ఉత్తరాంధ్ర తీరంలో తెప్పలూ పడవలూ దింపే మత్స్యకారులు పెద్ద కెరటాలు వరసగా వచ్చి వెళ్లాక దొరికే విరామం కోసం కాచుకుంటారు. హోవర్‌క్రాఫ్ట్ పైలట్‌కు కూడా అదే ఓపిక కావాలి. ఇసుక మీద పరుగుతీసి, నీటిని చేరకముందే హంప్‌కు పైన ఉండటం పడవకు లేని సౌకర్యం. నురుగును దాదాపు సూటిగా, మితమైన వేగంతో కోయాలి. నిలువుగా లేచిన, ఇంకా విరగని కెరటాన్ని వేగంగా ఎక్కితే వాహనం ముక్కెత్తి గాలిలోకి లేస్తుంది, కింద గాలిదిండు మిగలదు.

తిరిగి వచ్చేటప్పుడు ఒక కెరటం వీపు మీద ఉంటూ, దాన్ని దాటకుండా, అది విరిగాక వెంట వచ్చే నురుగుతో పాటు ఒడ్డెక్కాలి. ఒడ్డు ఏటవాలుగా ఉంటే ఎక్కేందుకు సరిపడా వేగం ఉంచుకోవాలి. ప్రొపెల్లర్ విసిరే ఇసుక, గులకరాళ్ల దారిలో మనుషులు లేరని ముందే చూసుకోవాలి.

ఇంజను ఆగితే

గాలిదిండు లేని హోవర్‌క్రాఫ్ట్ అంచు ఎత్తు తక్కువగా ఉన్న పళ్లెం లాంటి పడవ. అలలకు పక్కవాటుగా తిరుగుతుంది, లోపలికి నీరు చేరుతుంది. ముక్కు నుంచి తాడుతో సముద్రపు లంగరు, అంటే నీటిలో తెరుచుకుని లాగే గుడ్డ గరాటు, వదిలితే ముక్కు అలలకు ఎదురు తిరుగుతుంది. లోతు తక్కువైతే మామూలు లంగరే మేలు. అడుగు భాగంలో (హల్‌లో) మూసిన నురగ నింపు ఉన్న వాహనం నీరు నిండినా మునగదు, కనుక దాన్ని వదిలి ఈదాలని చూడకూడదు. లైఫ్ జాకెట్టు ఒంటి మీదే ఉండాలి. వీహెచ్ఎఫ్ రేడియో, పొగ సంకేతాలు, తెడ్డు తడవని చోట కాక చేతికి అందే చోట కట్టి ఉంచాలి.

ఎక్కడ ఉపయోగం

బ్రిటన్‌లోని లైఫ్‌బోట్ సంస్థ ఆర్ఎన్ఎల్ఐ 2002లో మోర్‌కంబ్ ఖాతం వద్ద రక్షణ హోవర్‌క్రాఫ్ట్‌ను ప్రవేశపెట్టింది. తర్వాత హన్‌స్టంటన్, హొయ్‌లేక్, సౌత్‌ఎండ్‌లకు కూడా చేర్చింది. ఇవన్నీ ఆటు సమయంలో కిలోమీటర్ల కొద్దీ బురద, ఇసుక తేలే తీరాలు. 2004 ఫిబ్రవరిలో మోర్‌కంబ్ ఖాతంలో గుల్లలు ఏరుతున్న చైనా కూలీలు పోటులో చిక్కుకుని కనీసం 21 మంది చనిపోయిన దుర్ఘటనలో ఆ హోవర్‌క్రాఫ్ట్ గాలింపులో పాల్గొంది. ఆ సంస్థ రేగిన సముద్రానికి పడవలనే పంపుతుంది. పడవ చేరలేని బురదకే హోవర్‌క్రాఫ్ట్. అనుభవజ్ఞుల నిర్ణయంగా దీన్ని గమనించాలి.

భారత తీర రక్షక దళం వాడే గ్రిఫన్ 8000టీడీ రకం 21 మీటర్ల పొడవుంటుంది, 45 నాట్ల వేగాన్ని అందుకుంటుంది. లోతు తక్కువైన పాక్ జలసంధి ప్రాంతానికి తమిళనాడులోని మండపం స్థావరం నుంచి ఇవి పనిచేస్తున్నాయి. అవి చేసే పనిని నాలుగో వంతు పొడవున్న వినోద వాహనం కూడా చేస్తుందనుకోవడం పొరపాటు. వాహనం చిన్నదైతే దానికి ఎదురయ్యే అలలు చిన్నవి కావు.

సముద్రంలో ఢీకొనే ప్రమాదాల నివారణకు 1972లో కుదిరిన అంతర్జాతీయ నియమావళి ప్రకారం హోవర్‌క్రాఫ్ట్ కూడా ఇంజనుతో నడిచే నౌకే. గాలిదిండు మీద సాగుతున్నప్పుడు రాత్రివేళ మామూలు దీపాలతో పాటు అన్ని వైపులకూ కనిపించే మెరిసే పసుపు దీపం వెలిగించాలి. ముక్కు చూపే దిక్కుకూ వాహనం నిజంగా వెళ్లే దిక్కుకూ తేడా ఉంటుంది కాబట్టి, కేవలం పక్క దీపాలను చూసి ఇతర నౌకలు దాని దారిని అంచనా వేయలేవు. ఆ పసుపు దీపం అవసరం అక్కడుంది.

తిరిగి వచ్చాక

ఉప్పు తుంపర ప్రొపెల్లర్ రెక్కల ముందంచులను తినేస్తుంది. అక్కడ అంటించిన రక్షణ టేపు లేచిందేమో ప్రతి ప్రయాణం తర్వాత చూడాలి. బెల్టులు, బేరింగులు, విద్యుత్ కనెక్షన్లు మంచినీటితో కడిగి ఆరబెట్టాలి. స్కర్ట్ ఫింగర్ల కింది అంచులు అరిగితే గాలి ఎక్కువ కారుతుంది, తేలే ఎత్తు తగ్గుతుంది, హంప్ దాటడానికి పట్టే దూరం పెరుగుతుంది. ముక్కు దగ్గరి ఫింగర్లలో ఒకటో రెండో ఊడితే ప్లౌ ఇన్ తక్కువ వేగంలోనే రావచ్చు. బ్యాగ్ స్కర్ట్‌లో నీరు చేరి బరువెక్కకుండా అడుగున ఉంచే రంధ్రాలు ఇసుకతో పూడిపోతాయి, వాటిని వేలితో తడిమి తెరవాలి. వాహనాన్ని దిమ్మెల మీద ఎత్తి, ఒక్కో ఫింగర్‌ను చేత్తో పట్టి చూసి, తెగిన ముడులు మార్చాకే తర్వాతి ప్రయాణానికి ఇంధనం పోస్తారు.